పడవకి మోటారు పెట్టుకోండి, తెడ్డు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళకండి

పోయిన తై నెలలో, పొంగలు అయిన మూడో రోజు, మా బావమరిది కమ్మాయిలో చిక్కుకుపోయాడు. మునగలేదు, దెబ్బ తగల్లేదు. గాలి అతని పడవని అవతలి గట్టు దాకా తోసుకుపోయింది, తిరిగి రాలేకపోయాడు. అంతే. కానీ ఆ గంటన్నర సేపూ కట్ట మీద నిలబడి ఉన్న మా అత్త ముఖం చూసినవాళ్ళెవరూ "అంతే కదా" అనరు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే వాదన. ఆ పడవకి మోటారు పెట్టాలా, వద్దా? పెడితే ఎంతది? ఈ వేసవికి ఊరొచ్చిన ప్రతి చుట్టమూ ఈ వాదనలో ఒక పక్క చేరాడు. పండక్కి ఊరొచ్చినప్పుడు చేపలు పట్టే సరదా ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి పట్టుకుంది. కోయంబత్తూరు నుంచీ బెంగళూరు నుంచీ కార్ల మీద ఇలాంటి పడవలు కట్టుకుని వస్తున్నారు. అందుకని నా అభిప్రాయం నలుగురికీ చెప్దామని రాస్తున్నా.

ముందు పెద్దవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళు తెచ్చే పడవని కయాక్ అంటారు. ఉత్తర ధ్రువం దగ్గర మంచు దేశాల్లో ఇన్యూట్ జనం సీలు తోళ్ళు కప్పి కట్టుకున్న వేట పడవకి ఆ పేరు. ఒక మనిషి, రెండు వైపులా రెక్కలున్న ఒక తెడ్డు, చేతిలో ఈటె. ఇప్పుడు మనకి దొరికేది గట్టి ప్లాస్టిక్‌తో పోత పోసింది. లోపల దూరి కూర్చోనక్కర్లేదు, పైన పీట మీద కూర్చున్నట్టు కూర్చోవచ్చు. గాలం కర్రలు నిలబెట్టుకోవడానికి గుంటలు, వెనక సామాను పెట్టుకోవడానికి చోటు ఉంటాయి. మా బావమరిదిది మూడున్నర మీటర్ల పొడవు, ముప్పై అయిదు కిలోల బరువు.

మనది నీళ్ళ ఊరు కాదు. పడమట కొండలు, ఊరి చుట్టూ కమ్మాయిలు, ఐప్పసి కార్తీకాల్లో వానలు పడితే నిండుతాయి, చిత్తిరై వచ్చేసరికి చాలావాటిలో నేల పగుళ్ళు కనిపిస్తాయి. ఆంధ్రలో చెరువు అనేదాన్నే మనం ఇంట్లో కమ్మాయి అంటాం, చెరువు అన్న మాట మన నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. కానీ తెప్ప అన్న మాట జారిపోలేదు. అది ఇక్కడి తమిళులకీ మనకీ ఉమ్మడి మాట. మదురైలో తిరుమల నాయకుడు తవ్వించిన తెప్పకుళంలో ఇప్పటికీ తైపూసానికి మీనాక్షమ్మ తెప్ప తిరుగుతుంది. అంత పెద్ద తెప్పకి మోటారూ లేదు, తెడ్డూ లేదు. గట్టు మీద నిలబడ్డ జనం మోకులు పట్టి లాగుతారు. నాకు ఆ తెప్ప ఎప్పుడూ ఒక మాట చెప్తున్నట్టుంటుంది. నీళ్ళలోకి పంపినవాళ్ళు గట్టుకి తెచ్చే బాధ్యత కూడా పట్టుకుని ఉండాలి. మా బావమరిది విషయంలో మేం మరిచిపోయింది అదే.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తా. పొద్దున ఆరింటికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఈశాన్యం నుంచి చిన్న గాలి. ఇతను గాలి వీచే వైపే పడవ తోసుకుంటూ పోయాడు. తెడ్డు రెండుసార్లు వేస్తే చాలు, పడవ జారిపోతోంది. విరాల్ చేప (మన అమ్మమ్మలు కొర్రమీను అనేవారు) తగులుతుందని తూటాకుల గుబురు దాకా వెళ్ళాడు. తొమ్మిది దాటేసరికి వాడై గాలి ఊపందుకుంది. వెళ్ళేటప్పుడు వీపు మీద ఉన్న గాలి వచ్చేటప్పుడు ముఖానికి కొట్టింది. పది నిమిషాలు బలంగా తెడ్డు వేస్తే పడవ ముందుకి కదిలేది. ఊపిరి తీసుకుందామని ఆగితే ముందుకొచ్చిందంతా వెనక్కి పోయేది. ఆఖరికి కమ్మాయిలో చేపలు గుత్తకి తీసుకున్నవాళ్ళ మనిషి ఒకతను, తెర్మకోలు దిమ్మెల మీద కూర్చుని వలలు చూసుకుంటున్నవాడు, తాడు కట్టి గట్టు వెంబడి లాక్కొచ్చాడు. లక్ష రూపాయల దాకా ఖర్చయిన సరంజామాని నాలుగు తెర్మకోలు ముక్కలు రక్షించాయి. ఆ మాట మా మామ ఇప్పటికి వందసార్లు అని ఉంటాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గరే వాదన మొదలైంది.

"బావా, యాభై అయిదు పౌండ్ల మోటారు తెప్పిస్తా. ఇక గాలి కాదు, తుపానొచ్చినా చూస్కుంటా" అన్నాడు ఇతను.

"ఒరేయ్, రెండు చేతులతో రాలేనివాడివి మోటారు ఆగిపోతే ఏం చేస్తావు? పడవా వద్దు, మోటారూ వద్దు. బజారుకి పోయి చేప కొనుక్కో" అన్నాడు మామ. మిల్లులో ముప్పై ఏళ్ళు మోటార్ల మధ్యే బతికిన మనిషి. మోటారు మీద ఆయనకి ప్రేమ ఉంది, నమ్మకం లేదు.

నా మాట ఏంటంటే, ఇద్దరూ సగం సగం రైటు. మోటారు కావాలి. కానీ అది వెళ్ళడానికి కాదు, తిరిగి రావడానికి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే ఎంత మోటారు, ఏ బ్యాటరీ, ఎక్కడ బిగించాలి అన్న ప్రశ్నలన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

ముందు "ఇదంతా కొత్త పిచ్చి" అనే పెద్దవాళ్ళకి సమాధానం చెప్తా. పడవకి కరెంటు మోటారు పెట్రోలు ఇంజను కంటే పాతది. 1838లోనే రష్యాలో యాకోబీ అనే ఇంజనీరు నీవా నది మీద బ్యాటరీలతో పడవ నడిపాడు. 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్‌లో, పడవ వెనక తగిలించి మళ్ళీ ఊడదీసుకోగలిగే మోటారు చేసి సీన్ నదిలో నడిపాడు. ఈరోజు మా బావమరిది కొందామనుకుంటున్న రకం, అంటే చేపలు పట్టేవాళ్ళు చప్పుడు లేకుండా మెల్లగా కదలడానికి వాడే మోటారు, 1934లో అమెరికాలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన మొదలుపెట్టింది. మన పక్కకి వస్తే, 1937లో కోయంబత్తూరులో మన తెలుగువాళ్ళే అయిన జి.డి. నాయుడు గారు, బాలసుందరం నాయుడు గారు కలిసి చేసిన మోటారునే దేశంలో తయారైన మొదటి కరెంటు మోటారు అంటారు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్స్ పెట్టారు. 1944లో పాపనాశం జలవిద్యుత్తు వచ్చింది. మన ఊళ్ళో మూడు తరాలకి అన్నం పెట్టింది మోటారే. అలాంటి ఊరివాళ్ళం పడవకి మోటారు అంటే వింతపడక్కర్లేదు.

కొండ దాటితే కేరళలో 2017 నుంచీ వైక్కం, తవణక్కడవు మధ్య ఆదిత్య అనే పడవ 75 మందిని ఎక్కించుకుని ఎండ కరెంటుతో తిరుగుతోంది. కాబట్టి పనిచేస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. మన పడవకి, మన కమ్మాయికి ఎంత కావాలన్నదే ప్రశ్న.

ఇక్కడ మామా నేనూ కాగితం తీసుకుని కూర్చున్నాం. గాలి గంటకి 25 కిలోమీటర్లు అనుకుందాం, అంటే సెకనుకి ఏడు మీటర్లు. పడవ మీద కూర్చున్న మనిషీ, పడవ పైభాగమూ కలిపి గాలికి అడ్డంగా ఉండేది అర చదరపు మీటరుకి కాస్త ఎక్కువ. లెక్క వేస్తే ఆ గాలి తోసే బలం ఇరవై న్యూటన్ల దగ్గర తేలింది. మనకి తెలిసిన భాషలో రెండు కిలోల బరువు. నడక వేగంతో ముందుకి పోవడానికి నీళ్ళ ఒరిపిడి ఇంకో కిలో అనుకోండి. మొత్తం మూడు కిలోలు.

మామ కాగితం వైపు చూసి నవ్వాడు. "మూడు కిలోల బియ్యం సంచి మోయలేకపోయాడా వీడు!"

మోయగలడు. కానీ గంట సేపు చెయ్యి చాపి పట్టుకోలేడు. అసలు విషయం అక్కడే ఉంది. అలవాటు లేని మనిషి తెడ్డుతో ఆగకుండా ఇవ్వగలిగేది కూడా దాదాపు అంతే, రెండు మూడు కిలోలు. గాలి తోపూ మన తోపూ సరిసమానం అయినప్పుడు ఎవరు ముందు అలిసిపోతారన్నదే మిగులుతుంది. గాలి అలిసిపోదు. మోటారూ అలిసిపోదు. మనకి కావలసిన సాయం పెద్ద బలం కాదు, అలిసిపోని చిన్న బలం.

ఇప్పుడు బజారులో దొరికే వాటిని చూడండి. వీటిని పౌండ్ల తోపుతో కొలుస్తారు. అన్నిటికంటే చిన్నవాటిలో ఒకటైన 30 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో పదమూడు కిలోలకి పైగా తోస్తుంది. మనకి కావలసినదానికి నాలుగు రెట్లు. వాడేవాళ్ళు చెప్పుకునే ఇంకో లెక్క కూడా ఉంది, ప్రతి వంద పౌండ్ల బరువుకి రెండు పౌండ్ల తోపు చాలని. మనిషి, పడవ, బ్యాటరీ, సామాను అంతా కలిపి 140 కిలోలు, అంటే మూడొందల పౌండ్లు. ఆ లెక్కన ఆరు పౌండ్లు చాలు. ఎటు చూసినా 30 పౌండ్లది కావలసినదానికంటే ఎక్కువే.

మరి 55 పౌండ్లది కొంటే రెండింతలు వేగం వస్తుందా? రాదు. నీళ్ళ మీద తేలే ప్రతి పడవకీ పొడవుని బట్టి ఒక హద్దు ఉంటుంది. మూడున్నర మీటర్ల పడవకి అది గంటకి ఎనిమిది కిలోమీటర్ల దగ్గర. ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది, ఎంత బలం పెట్టినా ముక్కు పైకి లేచి తోక కుంగుతుందే తప్ప వేగం పెద్దగా రాదు. హద్దుకి లోపల కూడా వేగం రెట్టింపు కావాలంటే కరెంటు రెట్టింపు సరిపోదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. ఇదే లెక్కని తిరగేసి చూస్తే మనకి లాభం. వేగం సగానికి తగ్గిస్తే బ్యాటరీ ఎన్నో రెట్లు ఎక్కువసేపు వస్తుంది. తిరిగి రావడానికి మెల్లగా వచ్చినా చాలు కదా.

బ్యాటరీ దగ్గర మనవాళ్ళు చేసే తప్పు నాకు ముందే తెలుసు. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఉంది, కరెంటు పోని రోజు చూసి దాన్నే తీసుకుపోదాం అంటారు. దయచేసి వద్దు. అది యాభై కిలోల పైమాటే. పడవ అంచున అంత బరువు పెడితే మనిషి కొంచెం వంగగానే పడవ కూడా వంగుతుంది. లోపల ఆసిడ్ ఉంటుంది, పక్కకి ఒరిగితే కారుతుంది. సీలు చేసిన సీసపు బ్యాటరీ అయినా 100 ఆంపియర్ అవర్లది పాతిక నుంచి ముప్పై కిలోలు ఉంటుంది, పైగా సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 12 వోల్టులు, 50 ఆంపియర్ అవర్లది ఆరేడు కిలోలు. ధర ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ పడవలో ప్రతి కిలో లెక్కే. కరెంటు స్కూటరు పాత బ్యాటరీని విప్పి కట్టిద్దామన్న ఆలోచన కూడా వద్దు. దాని వోల్టులు వేరు, 12 వోల్టుల మోటారు కాలిపోతుంది. విప్పి మళ్ళీ కట్టిన సెల్లుల్ని నీళ్ళ మధ్య నమ్ముకోవడం అంతకంటే ప్రమాదం.

ఎంతసేపు వస్తుంది? 30 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో 30 ఆంపియర్ల దాకా తాగుతుంది. అలా నడిపితే 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గంటన్నరలో ఖాళీ. మెల్లగా పది పన్నెండు ఆంపియర్ల మీద నడిపితే నాలుగు గంటలు. మన కమ్మాయి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒకటిన్నర కిలోమీటరు అనుకున్నా, ఎదురుగాలిలో నడక వేగంతో రావడానికి అరగంట. దానికి ఆరేడు ఆంపియర్ అవర్లు చాలు. అంటే తిరిగి రావడానికే మోటారు అనుకున్నవాడికి ఈ బ్యాటరీ కొండంత. మోటారుతో కమ్మాయంతా షికారు కొట్టి, ఆఖర్న గాలి లేచినప్పుడు చూసుకుందాం అనుకున్నవాడికి ఏ బ్యాటరీ చాలదు. నా నియమం చెప్తా. బ్యాటరీ మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, ఆఖరి మూడో వంతు ముట్టుకోకూడదు. వీలయితే గాలికి ఎదురుగా బయల్దేరండి. అలా చేస్తే అలిసిపోయిన వేళకి ఆ గాలే ఇంటికి తోసుకొస్తుంది. మా బావమరిది ఆ రోజు ఈ ఒక్కటి చేసి ఉంటే మోటారు గొడవే వచ్చేది కాదు.

వైరింగు విషయంలో మామ మాటే వేదం. "12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని సన్న వైరు వేస్తారు. షాకు కొట్టదు, నిప్పు పుడుతుంది" అంటాడు. లెక్క చూపించాడు కూడా. బ్యాటరీ వెనక, మోటారు ముందు ఉండి మధ్య రెండు మీటర్లు ఉంటే, పోను రాను నాలుగు మీటర్ల రాగి. ఇంట్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 30 ఆంపియర్లు పోతే 0.8 వోల్టు దారిలోనే ఆవిరి. పన్నెండులో అది ఏడు శాతం, అదంతా వైరులో వేడి. అదే 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.2 వోల్టే పోతుంది. బ్యాటరీకి ఒక జానెడు దూరంలోపే సర్క్యూట్ బ్రేకరు ఉండాలి, ఎందుకంటే బ్రేకరుకీ బ్యాటరీకీ మధ్య వైరు ఒరుసుకుంటే దాన్ని ఆపేవాడు లేడు. బ్యాటరీకి మూతున్న డబ్బా, ఆ డబ్బాకి పడవలో కట్టు, ప్రతి అతుకుకీ తడి చేరకుండా తొడుగు. ఈ పని వైండింగు షాపులో అరపూటలో అయిపోతుంది. మన ఊళ్ళో మోటారు పని తెలిసిన చేతులకి కొదవ లేదు. కానీ పక్కన నిలబడి చేయించుకోండి.

ఎక్కడ బిగించాలి? వెనక మధ్యలో పెడితే పడవ తిన్నగా పోతుంది, కానీ కూర్చున్నవాడికి చెయ్యి అందదు, తాళ్ళో కడ్డీలో కావాలి. పక్కన, కూర్చున్న చోటికి కాస్త వెనగ్గా, అడ్డంగా ఒక పలక బిగించి దానికి తగిలిస్తే చెయ్యి అందుతుంది, పడవ కొంచెం పక్కకి లాగుతుంది, అది సరిచేసుకోవచ్చు. నా ఓటు పక్కనే. కారణం, మన కమ్మాయిల్లో మోటారుని మాటిమాటికీ పైకి ఎత్తాలి. గట్టు దగ్గర మోకాలి లోతే ఉంటుంది. నీళ్ళ కింద సీమకరువేలు మోళ్ళు ఉంటాయి, పైకి కనిపించవు. గుర్రపుడెక్క వేర్లు రెక్కకి చుట్టుకుంటాయి. రెక్క మోడుకి కొట్టుకుంటే దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న పిన్ను వంగిపోతుంది లేదా తెగిపోతుంది. తెగడమే మంచిది, లేకపోతే మోటారు పోతుంది. ఒక పిన్నూ ఒక స్పానరూ జేబులో ఉండాలి. పిన్ను మార్చుకునేదాకా తెడ్డే దిక్కు.

ప్రాణానికి సంబంధించినది ఒకటుంది. తెడ్డు పడవ నుంచి మనిషి నీళ్ళలో పడితే పడవ పక్కనే ఉంటుంది, పట్టుకోవచ్చు. మోటారు నడుస్తుండగా పడితే పడవ అతన్ని వదిలేసి పోతుంది. అందుకని మణికట్టుకి తాడు కట్టుకుని, పడితే ఆ తాడు లాగి కరెంటు ఆపే స్విచ్చు తప్పకుండా పెట్టించుకోండి. లైఫ్ జాకెట్టు పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటి మీద వేసుకోవాలి. గట్టు మీద ఒక మనిషికి ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం చెప్పి బయల్దేరాలి. తెప్పకుళంలో మోకు పట్టుకున్న చేతులన్నానే, అవి ఇవే.

ఇక వలల సంగతి. నాకు మోటారు మీద అనుమానం ఉన్నదల్లా ఇక్కడే. కమ్మాయిలో చేపలు ఏలంలో గుత్తకి పోతాయి. పిల్లచేపలు వదిలి, మేత వేసి, కాపలా కాసి, నీళ్ళు తగ్గే వేళకి పట్టుకుని అప్పు తీర్చుకునేవాళ్ళు ఉన్నారు. మనం సరదాకి పట్టే నాలుగు జిలేబీ కెండైలూ వాళ్ళ చేపలే. తెడ్డు వల మీద నుంచి జారిపోతుంది. మోటారు రెక్క వలని చుట్టేసి చింపేస్తుంది. ఒక్క వల చిరిగితే ఆ మనిషికి ఎన్ని రోజుల పని పోతుందో ఆలోచించండి. చప్పుడు లేని మోటారు, పెట్రోలు తెట్టు లేని మోటారు అని మనం గొప్పగా చెప్పుకుంటాం, నిజమే, తాగే నీళ్ళకీ పక్షులకీ అది మేలే. కానీ వలకి ఆ తేడా తెలీదు. గుత్తదారుని ముందే అడిగి, వలలు ఎక్కడున్నాయో చూపించుకుని, ఆ పక్కకి పోకుండా ఉండటం మర్యాద మాత్రమే కాదు, న్యాయం. ఆ రోజు తాడు కట్టి లాగింది ఎవరో గుర్తు తెచ్చుకుంటే చాలు.

అడగాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో లోతట్టు జలాల్లో తిరిగే పడవలకి కొత్త చట్టం వచ్చింది. అందులో యంత్రంతో నడిచే పడవలకీ, యంత్రం లేనివాటికీ రూల్స్ వేరు. మోటారు తగిలించిన క్షణంలో మీ పడవ ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి మారుతుందని గుర్తుపెట్టుకుని, ఆ నీళ్ళ మీద అధికారం ఉన్న ఆఫీసులో ముందే అడగండి. అయ్యనార్ కోవిల్ వైపు కొండ నీళ్ళలోకి, ఊరికి తాగునీళ్ళిచ్చే ఆరో మైలు రిజర్వాయరులోకి పడవ ఆలోచనే వద్దు. ఆ కొండలు బూడిద రంగు పెద్ద ఉడుతల అభయారణ్యం, 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల రక్షిత ప్రాంతం కూడా.

ఇంత చెప్పాక మామ అడిగిన ప్రశ్నకి రావాలి. "మోటారు ఆగిపోతే ఏం చేస్తావు?" దీనికి మా బావమరిది దగ్గర సమాధానం లేదు, 55 పౌండ్ల మోటారు దగ్గర కూడా లేదు. మోటారు ఉందన్న ధైర్యంతో మనిషి తెడ్డుతో పోగలిగినదానికంటే దూరం పోతాడు. అప్పుడు మోటారు ఆగిపోతే, మోటారే లేని రోజు కంటే పెద్ద ఆపద. పెద్ద మోటారు మనిషిని ఇంకా దూరం పంపుతుంది. మామ భయపడింది దీనికే, ఆయన భయం నిజం. నా జవాబు ఒకటే. తెడ్డుతో ఒంటరిగా తిరిగి రాగలిగిన దూరం దాటి మోటారుతో కూడా వెళ్ళకూడదు. ఆ దూరం ఎంతో తెలియాలంటే ముందు మోటారు లేకుండా గాలిలో నేర్చుకోవాలి. గట్టు పక్కనే, నడుము లోతు నీళ్ళలో, గాలికి ఎదురుగా పావుగంట తెడ్డు వేసి చూడండి. మీ అసలు బలం ఎంతో అక్కడ తెలుస్తుంది. పడవ తిరగబడితే మళ్ళీ ఎక్కడం కూడా అక్కడే నేర్చుకోండి.

ఈ షరతు పెట్టాక మామ ఒప్పుకున్నాడు. 30 పౌండ్లదే తెప్పించారు. పలక మామే కోయించాడు, వైరు ఆయనే వేశాడు, బ్రేకరు ఎక్కడ ఉండాలో కొలిచి గీత గీసి పెట్టాడు. ఇప్పుడు కమ్మాయిలో నీళ్ళు లేవు. పడవ మా మిద్దె మీద బోర్లా పడుకుని వానల కోసం చూస్తోంది. ఐప్పసిలో నీళ్ళొస్తే మొదటి నెల తెడ్డుతోనే అని ఒప్పందం.

ఆ మధ్య మా చిన్నమ్మాయి మిద్దె ఎక్కి తెడ్డు పట్టుకుని "ఇది పాడిల్ కదా" అంది. ఆమె స్నేహితురాలు "తుడుప్పు" అంది. మా అత్త కింద నుంచి "తెడ్డే అది, మీ ముత్తవ్వ సంగటి కెలికేదీ తెడ్డే, పడవ నడిపేదీ తెడ్డే" అంది. ముగ్గురూ రైటే. అయినా పిల్లకి ఆ మూడో మాట కొత్త, ఆ సాయంత్రమంతా తెడ్డు తెడ్డు అంటూ తిరిగింది.

పొంగలుకి పడవలతో వచ్చేవాళ్ళకి నా మనవి. మోటారు చిన్నది పెట్టుకోండి. బ్యాటరీ తేలికది పెట్టుకోండి. వలల వాళ్ళని అడిగి దిగండి. గాలికి ఎదురుగా బయల్దేరండి. తెడ్డు మాత్రం ఇంట్లో పెట్టి రాకండి. గట్టు మీద మీ కోసం చూస్తూ నిలబడేవాళ్ళకి మీరెంత వేగంగా వెళ్ళారన్నది అక్కర్లేదు.